ముందు పడిన దెబ్బ

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే చిన్నగా నవ్వి మాట మార్చేసే రకం నేను. దేవుడంటే భక్తి ఉంది, శనివారాలు గుడికి వెళ్తాను, అది వేరు సంగతి. కంటికి కనిపించనిదేదో వచ్చి వస్తువుల్ని కదిలిస్తుందంటే మాత్రం నమ్మేవాణ్ణి కాదు. నమ్మకపోవడం నా ఉద్యోగంలో భాగం కూడా. నేను ఢిల్లీలో ఒక ప్రభుత్వ ఫోరెన్సిక్ ప్రయోగశాలలో పనిచేసేవాణ్ణి. నా బల్ల మీదికి వచ్చేది పగిలిన గాజు.

ప్రమాదాల్లో బద్దలైన కారు అద్దాలు, దొంగతనం జరిగిన ఇళ్ల కిటికీ అద్దాలు పోలీసులు సీలు వేసి పంపేవారు. దెబ్బ లోపలి నుంచి తగిలిందా బయటి నుంచి తగిలిందా, రెండు దెబ్బలుంటే ఏది ముందు పడింది, ఇవి చెప్పడం నా పని. ఇంట్లోవాళ్లే కిటికీ పగలగొట్టుకుని దొంగలు పడ్డారని ఫిర్యాదు చేసిన కేసులు చాలా చూశాను. అందుకని ఏది విన్నా నాకు ముందు మనుషుల మీదే అనుమానం వస్తుంది. ఈ సంగతిలోనూ అదే జరిగింది.

ద్వారకకు మెట్రో వచ్చిన కొత్త రోజులవి. మేము అక్కడే ఒక సొసైటీ ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. మా అమ్మాయి మేఘన ఇంజనీరింగ్ చదివి గుర్గావ్‌లో మంచి కంపెనీలో చేరింది. ఏడాది తిరక్కుండానే ఒకరోజు భోజనాల దగ్గర, ఉద్యోగం మానేశానని చెప్పింది. వసంత్ కుంజ్‌లో ఒక ఆర్టిస్టు దగ్గర పని నేర్చుకుంటుందట.

"ఏం పని?" అన్నాను.

"స్టెయిన్డ్ గ్లాస్, నాన్నా. కానీ మోడరన్."

"చర్చి కిటికీలకు ఉంటాయే, ఆ రంగుటద్దాలా?"

"వైసా నహీ, అలాంటివి కాదు. ఆవిడ గాజు పగలగొడతారు."

నా భార్య పద్మ పప్పు గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది. "పగలగొట్టడానికి ఇంజనీరింగ్ ఎందుకే?" అంది. మేఘన కంచం తీసుకుని లేచిపోయింది. ఆ ఆర్టిస్టు ఎవరో, మా పిల్లకు ఏం చెప్పి లోబరుచుకుందో తెలుసుకోవాలనుకున్నాను.

ఆవిడ పేరు నీరజ. వరంగల్ మనిషి. నలభై దాటి ఉంటాయి. చాలా ఏళ్లుగా ఢిల్లీలో ఒంటరిగా ఉంటూ ఈ పనే చేస్తున్నారు. ఆమె పద్ధతి గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

పాత పద్ధతిలో రంగు గాజు ముక్కలు కోసి, వాటిని సన్నటి సీసపు పట్టీలతో అతుకుతారు. పట్టీలు గీతలవుతాయి, రంగంతా గాజుది. నీరజ గారు దీన్ని తిరగేశారు. ఆమె వాడేది కిటికీలకు వేసే మామూలు తెల్ల గాజే. ముక్కలు చెదిరిపోకుండా వెనకవైపు పల్చటి ప్లాస్టిక్ పొర అంటిస్తారు. నాలుగు అంచులూ ఆనేలా ఒక ఎత్తైన చెక్క చట్రం మీద పలకను పడుకోబెడతారు. పైనుంచి చిన్న సుత్తితో ఒకే ఒక్క దెబ్బ కొడతారు. పగుళ్లు నాలుగు వైపులా పాకుతాయి. ఆ పగుళ్లలో రంగు కలిపిన జిగురు నింపి ఆరబెడతారు. అంటే గాజుకు రంగు ఉండదు, పగులుకే ఉంటుంది. ఎండలో నిలబెడితే నేల మీద రంగు గీతలు మాత్రమే పడతాయి. అనుమానంతో వెళ్లినవాణ్ణి కూడా ఆ గీతలు కాసేపు నిలబెట్టేశాయి.

నేను మొదటిసారి వాటిని చూసింది ఆమె ప్రదర్శనలో. గ్యాలరీ గోడ మీద హిందీలోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో రాసి ఉంది: ప్రతి పలకకూ ఒక్క దెబ్బ, అది ఎలా పగిలితే అదే బొమ్మ అని. జనం చేతుల్లో జ్యూసు గ్లాసులు పట్టుకుని అది చదివి తలలూపుతున్నారు.

నేను అలవాటు కొద్దీ జేబులోంచి భూతద్దం తీసి దగ్గరగా చూశాను. ఒక్క దెబ్బ కాదు. రెండు ఉన్నాయి.

సుత్తి తగిలిన చోటు నుంచి పగుళ్లు సూర్యుడి బొమ్మలా విచ్చుకుంటాయి. అలాంటి చోటు ఆ పలకలో ఇంకొకటి, మూరెడు దూరంలో ఉంది. పక్క పలకలోనూ ఉంది. ఆ పక్కదాంట్లోనూ ఉంది. గాజుకు దెబ్బ తగిలినప్పుడు అవతలి వైపు చిన్న గుంటలా పెచ్చు లేస్తుంది. నేను ముందు చూసిన దెబ్బ పెచ్చు వెనక ఉంది, అంటే పైనుంచి కొట్టారు. రెండోదాని పెచ్చు ముందు వైపు ఉంది. అది కింది నుంచి తగిలిన దెబ్బ.

ఇంకొకటి కూడా కనిపించింది. పగులు పాకుతూ పోయి, అంతకుముందే ఇంకో పగులు ఉంటే అక్కడ ఆగిపోతుంది. దాన్ని దాటదు. ఏ దెబ్బ ముందుదో మేము చెప్పేది దీన్నిబట్టే. ఇక్కడ పైదెబ్బ పగుళ్లన్నీ కిందిదెబ్బ పగుళ్ల దగ్గర ఆగిపోయాయి. అంటే కింది నుంచి తగిలిందే ముందు.

మోసం అనుకున్నాను. ముందే కింద నుంచి ఏదో పెట్టి పగలగొట్టి, తర్వాత జనం ముందు ఒక్క దెబ్బ అని చెప్పుకుంటోంది. నా కూతురు ఉద్యోగం మానుకుని వచ్చింది దీనికా అని కడుపు మండింది.

నీరజ గారిని పక్కకు పిలిచి, మేఘన తండ్రినని చెప్పి, చూసింది చూసినట్టు చెప్పాను. ఆమె తగువు పెట్టుకుంటుందనుకున్నాను. ఆమె ముఖం తెల్లగా పాలిపోయింది.

"మీకెవరు చెప్పిన్రు? మేఘన చెప్పిందా?" అంది.

"ఎవరూ చెప్పలేదమ్మా. గాజే చెబుతోంది. రోజూ నేను చేసే పని ఇదే."

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "సార్, నేను ఒక్కటే కొడ్త. రెండోది నాది కాదు."

నేను నమ్మలేదు. ఇలాంటి మాటలు పోలీసు స్టేషన్లలో చాలా విన్నాను. కానీ మేఘన పేరెత్తింది కాబట్టి, అది మా అమ్మాయికీ తెలుసన్నమాట. కారులో ఇంటికి వస్తూ అడిగాను. మేఘన కిటికీలోంచి బయటికి చూస్తూ, "తెలుసు నాన్నా. ప్రతిసారీ అలాగే అవుతుంది. నీరజ దీదీ దాని గురించి మాట్లాడొద్దంటారు," అంది.

"ఎవరు చేస్తున్నారు మరి?"

"పతా నహీ. తెలీదు."

ఆ పతా నహీ అన్న తీరు నాకు నచ్చలేదు. వాళ్లిద్దరూ కలిసి ఆడుతున్న నాటకమేమో అనిపించింది.

తర్వాతి ఆదివారం ఉదయం చెప్పాపెట్టకుండా ఆమె వర్క్‌షాపుకు వెళ్లాను. వసంత్ కుంజ్ ఫ్లాట్లకు ఆనుకుని ఉన్న పాత ఊళ్లో, ఇరుకు సందులో, ఒక ఇంటి కింది భాగంలో షట్టర్ ఉన్న హాలు అది. ఇంటాయన పై అంతస్తులో ఉంటాడు. షట్టర్ సగం ఎత్తి ఉంది, చలికాలపు ఎండ నేల మీద పడుతోంది. నన్ను చూసి మేఘన ముఖం మాడ్చుకుంది. నీరజ గారు మాత్రం, "వస్తరని అనుకున్న," అని కుర్చీ వేశారు.

హాలంతా వెతికాను. చట్రం కింద ఏమీ లేదు, ఉత్త సిమెంటు నేల. స్ప్రింగులు, దారాలు, కన్నాలు ఏవీ లేవు. సుత్తి మామూలు సుత్తే. ఇక మిగిలింది గాజు. దానికి ముందే సన్నటి గాటు పెట్టి ఉంచుతున్నారేమో. అందుకని ద్వారకలో మా ఇంటి దగ్గర దుకాణంలో కొన్న పలకల్ని కారు వెనక సీట్లో తెచ్చుకున్నాను. వాటిని ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా గీత లేదు. వెనక పొర నేనే అంటించాను. ఆ పొర మీద వేలిముద్రలు తీసే పౌడరు చల్లాను. కింది నుంచి ఈక తగిలినా పౌడరు చెదురుతుంది.

నీరజ గారు కొట్టారు. గాజు ఒక్కసారే పగిలిన చప్పుడు. చూస్తే రెండు చోట్లు. పౌడరు చెదరలేదు.

రెండో పలకను నేనే కొట్టాను. మళ్లీ రెండు చోట్లే. నా దెబ్బ పగుళ్లు రెండోదాని దగ్గరకు వెళ్లి ఆగిపోయాయి.

అప్పుడు నేను మేఘన వైపు చూశాను. గాజు పక్కనే చట్రం పట్టుకుని నిలబడి ఉంది. "నువ్వు కాసేపు బయట ఉండు," అన్నాను.

ఆ పిల్లకు అర్థమైంది. "నా మీద డౌటా నాన్నా?"

"అందరి మీదా ఉంది. నా పద్ధతి అంతే."

"ఠీక్ హై," అని చేతులు తుడుచుకుని బయటికి వెళ్లి, సందు చివర ఆటో ఎక్కి ఇంటికి వెళ్లిపోయింది. నీరజ గారిని కూడా బయటికి పంపి షట్టర్ దించి, లైటు వేసుకుని ఒక్కణ్ణే మూడో పలక కొట్టాను. తేడా లేదు.

నాకు అప్పుడు భయం వేయలేదు. చిరాకు వేసింది. వసంత్ కుంజ్ మీదుగా విమానాలు బాగా కిందుగా పోతాయి. ఆ అదురు వల్ల అనుకున్నాను. కానీ అదురుకు గాజు ఎక్కడైనా చిట్లితే చిట్లుతుంది, సుత్తి తగిలినట్టు ఒక బిందువు దగ్గర పెచ్చు లేవదు. అదీకాక నేను కొట్టినప్పుడు ఏ విమానమూ లేదు. మిగిలిన పలకను ఇంటికి తెచ్చి మేడ మీద అదే సుత్తితో పగలగొట్టాను. ఒక్క చోటే పగిలింది. ప్రయోగశాలలో ఇంకొకటి పగలగొట్టాను. అక్కడా ఒక్క చోటే. ఆ హాల్లో మాత్రమే రెండు.

ఇంటాయన్ని అడిగాను, అంతకుముందు అక్కడ ఏముండేదని. ఎవరైనా చనిపోయారా, గొడవలేమైనా జరిగాయా అని కూడా అడిగాను. ఆయన నన్ను ఇల్లు కొనడానికి వచ్చి ధర తగ్గించుకోవాలని చూస్తున్నవాడిలా చూశాడు. "కుఛ్ నహీ థా జీ. సర్సోం కా ఖేత్ థా," అన్నాడు. ఆవాల చేను. ఆయన తండ్రి నాటి నుంచీ చేనే. చుట్టుపక్కల ఇళ్లవాళ్లూ అదే చెప్పారు.

మేఘన నాతో మాట్లాడటం మానేసింది. ఒకే ఇంట్లో ఉంటూ పద్మ ద్వారా మాటలు పంపేది. "కన్నకూతుర్ని దొంగని చూసినట్టు చూస్తారా ఎవరైనా?" అని పద్మ నన్ను చీవాట్లు పెట్టింది. నేను ఇంకోసారి ఆ హాలుకు వెళ్లడానికి అసలు కారణం అదే. మోసం ఎవరిదో పట్టుకుంటే అది మా అమ్మాయిది కాదని తేలిపోతుంది.

ఈసారి వెళ్లే ముందు ఫోన్ చేశాను. నీరజ గారు టీ పెట్టి ఉంచారు. మేఘన నన్ను చూసి గోడ దగ్గరకు పోయి నిలబడింది, కావాలనే దూరంగా.

టీ తాగుతూ నీరజ గారు నేను అడక్కుండానే చెప్పారు. ఈ హాలు తీసుకున్న మొదట్లో తన చెయ్యే సరిగ్గా పడటం లేదనుకున్నారట. తర్వాత భయమై కొన్నాళ్లు పని బంద్ పెట్టారట. "కానీ సార్, ఆ రెండోది వచ్చినంకనే నా పని మంచిగైంది. గుర్గావ్ ఆఫీసులోళ్లు, హోటలోళ్లు అందరు వచ్చుడు మొదలైంది. చెప్తే పిచ్చిదంటరు. చెప్పకుంటే దొంగదాన్నైత. మీరు అంత పెద్ద సైంటిస్టు, మీరన్నా చూసి చెప్పున్రి. నేను పిచ్చిదాన్ని కాదు గద?"

నేను కప్పు కింద పెట్టి లేచాను. ఆమె నన్ను తన వైపు తిప్పుకోవడానికే అలా అంటోందని ఒక పక్క అనిపిస్తూనే ఉంది.

నేను అనుకున్నది ఇది. పైనుంచి చూస్తే పగిలిన తర్వాతే కనిపిస్తుంది. కింద ఉండి చూడాలి. కళ్లకు దళసరి కళ్లజోడు పెట్టుకుని, తల చుట్టూ శాలువా కప్పుకుని చట్రం కింద నేల మీద వెల్లకిలా పడుకున్నాను. నా ముఖానికీ గాజుకూ మధ్య జానెడున్నర దూరం. పైన నీరజ గారి ముఖం, ఎత్తిన సుత్తి స్పష్టంగా కనిపిస్తున్నాయి. షట్టర్ పూర్తిగా ఎత్తించాను. మంచి ఎండ, పట్టపగలు.

"కొట్టమన్నప్పుడే కొట్టండి," అన్నాను.

"సరే సార్."

నేను కొట్టమనలేదు. ఆమె కొట్టలేదు. సుత్తి గాలిలోనే ఉంది. నా ఎడమ కంటికి పైన గాజులో చిన్న తెల్లటి చుక్క కనిపించింది. ధూళేమో అనుకున్నాను. ఆ చుక్క నుంచి గీతలు విచ్చుకున్నాయి. మామూలుగా గాజు పగలడం కంటికి అందదు, అంత వేగంగా జరిగిపోతుంది. ఇది నెమ్మదిగా పాకింది. చలికాలంలో పాల మీద మీగడ కట్టినంత నెమ్మదిగా. చప్పుడు లేదు.

నాకూ గాజుకూ మధ్య ఏమీ లేదు. అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. కానీ దెబ్బ తగిలింది మాత్రం నా వైపు నుంచి. నా ముఖం ఉన్న వైపు నుంచి.

నేను అరిచానట. ఏమని అరిచానో నాకు గుర్తు లేదు. "మార్ దో", అంటే కొట్టెయ్యమని, అన్నానని మేఘన అంటుంది. నేను ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడను, కంగారులో హిందీ ఎందుకొస్తుందని నా వాదన. ఏదైతేనేం, నీరజ గారు అది విని కొట్టారు. అప్పుడు వచ్చింది చప్పుడు. పైన ఉన్న ఇద్దరూ చూసింది ఒకటే: సుత్తి పడింది, రెండు చోట్ల పగిలింది. అంతకుముందు గాజు బాగానే ఉందని ఇద్దరూ అంటారు. వాళ్లకు పైనుంచి ఆ గీతలు కనిపించలేదు. కింద నాకు ఒక్కడికే కనిపించాయి.

నన్ను బయటికి లాగింది మేఘనే. శాలువా మీద గాజు రజను కూడా పడలేదు. నా ముఖం చూసి అది మాటలు పంపడం మర్చిపోయి నేరుగా మాట్లాడింది. "క్యా దేఖా? నాన్నా, ఏం చూశారు?"

చెప్పాను. ఆ పిల్ల విని, అమ్మయ్య అన్నట్టు నేల మీద నా పక్కన కూలబడింది. నీరజ గారు సుత్తి బల్ల మీద పెట్టి కళ్లు తుడుచుకున్నారు. నాకు తెలిసి ఆ రోజు సంతోషపడింది వాళ్లిద్దరే.

పద్మకు ఆ సాయంత్రమే చెప్పాను. కళ్లజోడు అద్దం మీద వెలుగు పడి అలా కనిపించి ఉంటుందని అంది. నేనూ అలాగే అనుకోవాలని చాలా ప్రయత్నించాను. వెలుగు వల్ల నా కంటికి గీతలు కనిపించాయనుకున్నా, పగిలిన పలకలో ఆ దెబ్బ అక్కడే, నేను చూసిన చోటే ఉంది.

కొన్నాళ్లకు ఒక కేసులో సాక్ష్యానికి వెళ్లాను. రెండు దెబ్బల్లో ఏది ముందు పడిందన్నదే అందులో ముఖ్యం. ముద్దాయి వకీలు అడిగాడు, మీరు ఖచ్చితంగా చెప్పగలరా అని. ఆ ప్రశ్న ప్రతి వకీలూ అడిగేదే, చెప్పగలను అనడం నాకు అలవాటే. ఆ రోజు నా రిపోర్టు తెరిచి మళ్లీ మొదటి నుంచి చదువుకున్నాను. జడ్జిగారు తలెత్తి చూశారు. కాసేపటికి చెప్పగలను అన్నాను. అది శాస్త్రం ప్రకారం సరైన జవాబే. కానీ ఆ తర్వాత గాజు విభాగం నుంచి వేరే విభాగానికి మార్చమని నేనే అడిగి మారిపోయాను.

నీరజ గారు ఆ హాలు ఖాళీ చేసి గుర్గావ్‌కు మారారు. కొత్త చోట ఎప్పుడూ ఒక్క దెబ్బే. కొన్నవాళ్లు కొందరు, పాతవాటిలా ఎందుకు లేవని అడిగారట. తర్వాతి ప్రదర్శనలో గోడ మీద ఒక్క దెబ్బ అన్న మాట ఆమె రాయించలేదు. మేఘన ఆమె దగ్గరే ఉండి పని నేర్చుకుని ఇప్పుడు సొంతంగా చేస్తోంది. నేను దాన్ని మళ్లీ ఉద్యోగంలో చేరమని అడగలేదు.

చాలా నెలల తర్వాత ఒకసారి వసంత్ కుంజ్‌లో మా బంధువుల ఇంటికి వెళ్లి, వస్తూ ఆ సందులోకి తిరిగాను. హాల్లో మిఠాయి దుకాణం పెట్టారు. పొడుగాటి గాజు కౌంటరు, లోపల జిలేబీలు, బర్ఫీలు. దుకాణదారు నడివయసు మనిషి, మంచివాడిలా ఉన్నాడు. కొంచెం సోన్‌పాపిడి కొన్నాను. మాటల్లో కౌంటరు బాగుందన్నాను.

"అచ్ఛా తో హై అంకుల్‌జీ, పర్ కాంచ్ టిక్‌తా నహీ యహా," అన్నాడు. బాగుంది గానీ ఇక్కడ గాజు నిలవదట. ఎండకనుకుంటా, ఊరికే పగులుతోందని, నిన్ననే ఒకటి మార్పించానని చెప్పాడు. గోడ పక్కన పేపర్లో చుట్టి పెట్టిన పాత పలక ముక్కల్ని చూపించాడు. "దేఖేంగే?" అన్నాడు.

ఎవరైనా పగిలిన గాజు చూపిస్తానంటే వద్దనడం నాకు అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. ఆ పేపరు విప్పితే, ఎండ వల్ల పగిలిన గాజు ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఇంకోరకంగా పగిలింది ఎలా ఉంటుందో కూడా తెలుసు. రెండు నిమిషాల పని.

వద్దని చెప్పి మిఠాయి పొట్లం తీసుకుని వచ్చేశాను. అది ఏమిటో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. తెలుసుకునే అవకాశం చేతికి అందినప్పుడు ఎందుకు వద్దన్నానో, అది కూడా నేను ఎవరికీ సరిగ్గా చెప్పలేను.